తువ్వాలు మన మాటేనా?

కోనసీమ కుర్రోడు: తువ్వాలు అంటే ఇంగ్లీషు టవల్‌ని మన పెద్దోళ్లు పలికిన తీరు, అంతే అంటారు అందరూ. నాకు నమ్మకం లేదండీ. తుడుచుకునే గుడ్డ కాబట్టి ‘తుడుచు’లోంచే వచ్చుండాలి. తమిళంలో తడి ఒత్తుకోవడాన్ని ‘తువట్టు’ అంటారు, మలయాళంలో ‘తువర్త్తుక’. ఇన్ని దగ్గర మాటలుండగా బయటోడికి ఎందుకు కట్టబెట్టాలి?

పాలకొల్లు బాబాయ్: ఇంగ్లీషు కాదన్నంతవరకూ నీతో సరే అబ్బాయ్. ఇంగ్లీషు ట మన దగ్గరికి ట గానే దిగింది, టీ, టైము, టిక్కెట్టు చూడు. తువ్వాలులో ఉన్నది మెత్తటి త. అది పోర్చుగీసు ‘తువాల్య’, హిందీవాళ్ల తౌలియా కూడా అక్కడిదే. ఇంకో జత చెబుతా. బొత్తాం పోర్చుగీసుది, బటన్ ఇంగ్లీషుది, రెండూ ఒకే వస్తువు, రెండూ ఇప్పటికీ వాడుతున్నాం. తువ్వాలు, టవల్ కూడా అచ్చం అంతే, ముందొకటి, చాలాకాలానికి ఇంకోటి.

గట్టుమీద గుమాస్తా: బాబాయ్ గారూ, పోర్చుగీసోళ్లు గోదావరి జిల్లాల్ని ఎప్పుడు ఏలారండీ? గోవా ఎక్కడ, నరసాపురం ఎక్కడ? కొంచెం నమ్మేలా చెప్పండి ఆయ్!

పాలకొల్లు బాబాయ్: ఏలక్కర్లేదయ్యా, బేరమాడితే చాలు. 1600ల్లో మా పాలకొల్లులో డచ్చివాళ్ల కోఠీ, అంటే సరుకు కొని దాచే వర్తక స్థావరం, నరసాపురం పక్క మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీ కోఠీ, రెండూ బట్టల వ్యాపారానికే. ఆ రోజుల్లో రేవుల్లో తెల్లోళ్లకీ మనోళ్లకీ మధ్య నడిచింది చాలావరకు పోర్చుగీసు ముక్కలే, ఎందుకంటే వాళ్లు అందరికన్నా ముందొచ్చి అలవాటు చేసి పోయారు. మేస్త్రీ అలా వచ్చిందే. అసలు మన వైపు నుంచి కూడా మాట ఎగుమతైంది, మాధవాయిపాలెం పేరు మీదే ఒక రకం నూలుబట్టని ఇంగ్లీషు నిఘంటువులు ‘మదపొల్లం’ అంటాయి. అదెవరూ మనకి చెప్పరు.

రాజోలు అక్క: మీరంతా తువ్వాలు పట్టుకుని కొట్టుకుంటున్నారు గానీ మా ఇళ్లలో అది తుండండీ. పల్చటి నేత, అంచున ఎర్ర చార, చివర్న వదిలేసిన పోగులు, పిండి దండెం మీదేస్తే చిటికెలో ఆరిపోతుంది. చేలోకెళ్లే మగాళ్లకి తలపాగా అదే, కూచోడానికి అదే, అరటిపళ్లు మూటకట్టడానికీ అదే. తుండంటే ముక్క. అచ్చ తెలుగు కావాలంటే ఇదిగో, ఇంట్లోనే ఉంది.

కోనసీమ కుర్రోడు: తుండు సంగతి బాగుందక్కా, అయినా నా తువట్టుకి జవాబు రాలేదు.

పాలకొల్లు బాబాయ్: వస్తున్నా. మన తుడుచుకి తమిళంలో చుట్టం ‘తుడై’, డ అక్కడా ఉంది. తువట్టు వేరే మాట, తెలుగులో దాని జాడ నాకైతే కనబడలేదు. తుడుచులోంచి తువ్వాలు వస్తే డ ఏ కాలవలో పడిపోయింది?

కోనసీమ కుర్రోడు: మరి మీ తువాల్యలో ఒక్క వ, మనకి వ్వ ఎలా వత్తింది?

పాలకొల్లు బాబాయ్: అసలక్కడ వ కూడా లేదురా, రాసేది తో పక్కన ఆ. రెండచ్చులు పక్కపక్కన మన నోటికి పడవు, మధ్యలో వ వచ్చి కూచుంది, ఆనక గట్టిపడింది. బొత్తాంలో త్త కూడా మనం వత్తిందే.