ఏథెన్స్ నీళ్ల కుండల మీద ఆ ఆడవాళ్లు ఎవరు?

రాగిచెంబు:
బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న హైడ్రియాల ఫొటోలు చూస్తున్నాను. క్రీ.పూ. 520–500 ప్రాంతంలో ఏథెన్స్‌లో చేసిన నీళ్ల కుండలు. పక్కన రెండు చెవులు ఎత్తడానికి, వెనక ఒకటి వంచడానికి. వాటి మీద బొమ్మ కూడా నీళ్లకొచ్చిన ఆడవాళ్లదే. సింహం తలలా చేసిన తూము నోట్లోంచి ధార పడుతుంటే ఒకామె పట్టుకుంటోంది, మిగతావాళ్లు ముచ్చట్లలో ఉన్నారు. ఖాళీ కుండ నెత్తిమీద అడ్డంగా, నిండింది నిలువుగా. గీసినవాడు కళ్లారా చూడకుండా ఇంత గీస్తాడా? అయినా కొందరు పండితులు 'పరువుగల ఇల్లాళ్లు బయటికి రారు, కాబట్టి వీళ్లు బానిసలో వేశ్యలో' అని తేల్చేస్తారు. మీరేమంటారు?

శాసనాలపిచ్చి:
వాళ్లు అన్నదాంట్లో తప్పేముంది? పైగా ఇలాంటి కుండలు బోలెడు దొరికింది ఇటలీలోని వుల్చి సమాధుల్లో. అక్కడి పాతకాలపు జనం ఎట్రుస్కన్లు కొనుక్కున్న సరుకు అది. దాన్ని పట్టుకుని ఏథెన్స్ వీధి అంటే ఎలా?

బొమ్మలపెట్టె:
ఆ బట్టల అంచులు చూశారా! నీళ్లకెళ్లే బట్టలా అవి?

రాగిచెంబు:
కుండ వుల్చికి వెళ్లినంత మాత్రాన దాని మీద గీసిన ధార ఇటలీది అయిపోదు. కొన్నింటి మీద ఆడవాళ్ల పక్కన పేర్లు కూడా రాసి ఉన్నాయి. ఎవరో తెలియని బానిసలకు పేర్లెందుకు రాస్తారు? అరిస్టోఫనీస్ రాసిన గ్రీకు నాటకం 'లిసిస్ట్రాటా' (క్రీ.పూ. 411)లో ముసలమ్మల బృందం ఏమంటుంది? తెల్లవారుజామున బానిసల తోపులాటలో నానా తిప్పలు పడి కుండ నింపుకొచ్చామంటుంది. వాళ్లు పౌరుల ఇళ్ల ఆడవాళ్లే కదా.

శాసనాలపిచ్చి:
వందేళ్ల తర్వాతి హాస్యనాటకం అది. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ సూటిగా చెప్పాడు: పూర్వం ఇళ్లలో బానిసలు లేని రోజుల్లో ఏథెన్స్ పిల్లలే నీళ్లకు వెళ్లేవారని. అంటే ఆయన కాలానికి ఆ పని బానిసలదన్నమాటే. ఇక పేర్లంటారా, వేశ్యలకూ పేర్లుంటాయి. వుల్చి గురించి మాత్రం మీరు దాటేశారు.

సారెమీదిమట్టి:
మాది కుమ్మరి ఇల్లు, ఒక్క మాట చెప్పి పోతాను. ఆ కుండల మీద బొమ్మల్లో కనిపించే నలుపు పెయింట్ కాదు. అదే మట్టిని మెత్తగా తేర్చి పూస్తారు, కొలిమిలో గాలి ఆపి మళ్లీ వదిలితే నలుపు నిలబడి మిగతాది ఎర్రబడుతుంది. ఎవరు గీశారో రాస్తారు, ఎవరు కాల్చారో ఎవడికీ పట్టదు.

బొమ్మలపెట్టె:
ఒళ్లు మాత్రం తెల్లగా వేశారు, అంటే నీడపట్టున ఉండేవాళ్లనేగా? అంచుల సంగతి ఎవరూ చెప్పలేదు.

రాగిచెంబు:
@బొమ్మలపెట్టె, ఆ నల్లబొమ్మల శైలిలో ఆడవాళ్లందరికీ తెలుపే, దేవతలకైనా సరే. దాన్నిబట్టి ఏమీ తేలదు.

@శాసనాలపిచ్చి గారూ, ఒక సెమినార్‌లో నేను ఇదే అడిగితే 'ఎమోషనల్‌గా ఆలోచించకమ్మా' అని నవ్వారు. మా అమ్మ రోజూ వీధి కుళాయి దగ్గర లైన్లో నిలబడి నీళ్లు మోసింది, ఆమె పరువుకేం తక్కువ? బీదవాళ్ల భార్యల్ని బయటికి రాకుండా ఎవరు ఆపగలరని అరిస్టాటిలే అడిగాడు. మీ లెక్కలో ఏథెన్స్ ఆడది అంటే డబ్బున్న ఇంటి ఆడదే. అదీ మీ అసలు సమస్య.

శాసనాలపిచ్చి:
నా ఇల్లు, నా తల్లి సంగతి మీకు తెలుసా? మా నాయనమ్మ ఇంకొకళ్లింట్లో నీళ్లు మోసింది, జీతం లేకుండా. నన్ను డబ్బున్నవాళ్ల పక్షం అనకండి. 'వీళ్లు బానిసలు కాదు' అని నిరూపించాలని మీకెందుకంత ఆత్రం? బానిస అంటే అవమానమా? ఏథెన్స్‌లో నిజంగా నీళ్లు మోసినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే అయితే, ఆ ఒక్క బొమ్మలోంచి కూడా వాళ్లని తోసేసి ఇల్లాళ్లని నిలబెడుతున్నది మీరు.

బొమ్మలపెట్టె:
అబ్బో, కుండలు పక్కకెళ్లిపోయాయి.

రాగిచెంబు:
నాయనమ్మ సంగతి నాకు తెలియదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ 'బానిసలో వేశ్యలో' అని ఇద్దర్నీ ఒకే గాటన కట్టింది నేను కాదు. నాటకంలో ఇల్లాలు, బానిస ఒకే కుళాయి దగ్గర తోసుకుంటున్నారు. బొమ్మలో మాత్రం ఎందుకు కలిసి ఉండకూడదు?

శాసనాలపిచ్చి:
ఉండొచ్చు. ఎవరు ఎవరో చెప్పలేనప్పుడు 'ఏథెన్స్ రోజువారీ జీవితం' అని చీటీ అంటించకండి, అంతే. వుల్చికి జవాబు ఇంకా రాలేదు.