క్లౌడులోని ఎన్‌క్రిప్టెడ్ (పాస్‌వర్డు లేనిదే తెరుచుకోని) బ్యాకప్‌ను ఇంటి నాస్‌లోకి (నెట్‌వర్కుకు కలిపే స్టోరేజి పెట్టెలోకి) దించుకున్నవారు ఉన్నారా?

రాయగడ స్టూడియో: పాత నాస్ పాడవడంతో కొత్తది కొన్నాను. పెళ్లి ఫొటోలు, వీడియోలు కలిపి 2 టెరాబైట్లు, క్లౌడుకు ఫైళ్లు పంపే ఆర్‌క్లోన్ ప్రోగ్రాములోని క్రిప్ట్ సౌకర్యంతో ఎన్‌క్రిప్ట్ అయి క్లౌడులో ఉన్నాయి. ఇక్కడ కరెంటు తరచూ పోతుంది. మధ్యలో ఆగితే మళ్లీ మొదటినుంచి దించుకోవాలా?

బరంపురం మాస్టారు: ముందు లెక్క చూసుకోండి. 100 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో నడిచినా టెరాబైటుకు 22 గంటలు దాటుతుంది. చవక అని అమెజాన్ దీర్ఘకాల నిల్వ సేవ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో పెట్టి ఉంటే, దించుకోవడం మొదలుపెట్టక ముందే ఫైళ్లు సిద్ధం కావడానికి 12 నుంచి 48 గంటలు పట్టవచ్చు.

పర్లాకిమిడి వాసి: వేగం సంగతి తరువాత. పాస్‌వర్డుతోపాటు, సాల్ట్‌గా (ఎన్‌క్రిప్షన్‌ను గట్టిపరచడానికి అదనంగా కలిపేదిగా) రెండో పాస్‌వర్డు పెట్టి ఉంటే అదీ ఉండాలి. లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

గుణుపురం: మా ఇంట్లో పాస్‌వర్డులన్నీ ఉన్నా, నాస్‌లోని ఎన్‌క్రిప్టెడ్ ఫోల్డరులోకి దించుతుంటే పొడుగాటి తెలుగు, ఒడియా పేర్లున్న ఫైళ్లు మాత్రమే ఆగిపోయాయి.

జయపురం అడ్మిన్: ఏళ్ల తరబడి సర్వర్లు చూస్తున్నవాడిగా చెబుతున్నాను, ఫైళ్లకు ఇంగ్లిషులోనే పేర్లు పెట్టాలి. తెలుగు పేర్లతో ఎప్పుడూ తలనొప్పే.

గుణుపురం: తప్పు తెలుగుది కాదండీ. ఫోల్డరును ఎన్‌క్రిప్ట్ చేసే ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫైలు పేరుకు 143 బైట్లే చోటు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన గుర్తు ఒక్కొక్కటీ, ఒడియా గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు తింటుంది కనుక 47 గుర్తులతో సరి. గుణింతం, వత్తు విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి ‘పెళ్లి’ అన్న చిన్న మాటకే 18 బైట్లు ఖర్చు. సర్వర్లు చూసేవారికి ఈపాటి తెలియదా?

జయపురం అడ్మిన్: మాట తూలకండి. ఎన్‌క్రిప్షన్ లేని ఫోల్డరులోకి దించితే సరిపోతుంది కదా!

పర్లాకిమిడి వాసి: స్టూడియోలో దొంగలు పడితే ఆ పెళ్లివారికి సమాధానం మీరు చెబుతారా? ఫోల్డరుకు కాక వాల్యూమ్ (ఫోల్డర్లన్నీ ఉండే నిల్వ భాగం) మొత్తానికి ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే పేరుకు 255 బైట్లు దొరుకుతాయి. కొత్త నాస్ కాబట్టి, డేటా దించకముందే ఆ ఏర్పాటు చేసుకోవాలి.

రాయగడ స్టూడియో: నా ఫైళ్ల పేర్లన్నీ ఇంగ్లిషువే. నేను అడిగింది కరెంటు గురించి.

బరంపురం మాస్టారు: ఆర్‌క్లోన్ కాపీ ఆదేశాన్నే మళ్లీ ఇవ్వండి. పరిమాణం, తేదీ సరిపోయిన ఫైళ్లను అది వదిలేస్తుంది. సగంలో ఆగినవి మళ్లీ మొదటినుంచి, ఇంకా మొదలవనివి కొత్తగా దిగుతాయి. గమ్యాన్ని అచ్చం మూలంలాగే మార్చే సింక్ ఆదేశం జోలికి మాత్రం పోకండి. అందులో ఖాళీ నాస్‌ను మూలంగా, క్లౌడును గమ్యంగా తారుమారు చేసి ఇస్తే, క్లౌడులో ఉన్నవన్నీ అదే తుడిచేస్తుంది.