పాత పియానోల్లో పెద్ద కీలు నల్లవి: దంతం ఖరీదే కారణమా?

రాగమాలిక:
ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో ఉన్న మోజార్ట్ పియానో చూడండి, వియన్నా తయారీదారు వాల్టర్ చేసింది. పెద్ద కీలు నల్లవి, ఎత్తుగా ఉండే చిన్నవి తెల్లవి. అష్టకానికి (ఆక్టేవ్, అంటే ఒక 'స' నుంచి పై 'స' ముందు వరకు) పెద్దవి ఏడు, చిన్నవి ఐదే. ఏనుగు దంతం ఖరీదు కాబట్టి దాన్ని చిన్నవాటికే వాడారు. ఇంతకంటే సూటి కారణం ఉందా?

చిత్రిక:
ఆ లెక్క నిలవదండీ. వియన్నా పియానోల్లో, పారిస్‌లో బ్లాంషే, తాస్కాన్ చేసిన హార్ప్సికార్డుల్లో (పియానోకు ముందునాటి, తీగలను మీటే కీబోర్డు వాద్యాలు) చిన్న కీల మీద ఉన్నది చాలావరకు పశువుల ఎముక. అది ఊళ్లోనే దొరికేది. ఓడల మీద రావాల్సింది పెద్ద కీలకు వాడిన ఎబొనీ అనే నల్లటి చెక్కే. అంతకుముందే, 1600 ప్రాంతంలో, ఆంట్‌వెర్ప్‌లో హార్ప్సికార్డులు చేసే రూకర్స్ కుటుంబం పెద్ద కీలకు ఎముక వేసింది, చిన్నవాటికి బురదనేలలో పూడి నల్లబడిన ఓక్ వాడింది. ఇటలీలోనైతే పెద్దవి పసుపుపచ్చటి బాక్స్‌వుడ్ చెక్క. ఏ ఊరి పనివాళ్ల అలవాటు వాళ్లదే.

మందరం:
మరి చివరికి తెలుపే ఎందుకు మిగిలింది? నా వాదన కంటికి సంబంధించింది. ఎబొనీ కీలు పక్కపక్కన ఉంటే మధ్య సందు నలుపులో కలిసిపోతుంది. తెలుపులో ప్రతి సందూ గీతలా కనిపిస్తుంది.

చిత్రిక:
అది నిజమే, కానీ వియన్నా వాళ్లు నల్ల కీలతోనే దశాబ్దాలు ఇబ్బంది లేకుండా వాయించారు కదా. నా మటుకు లండన్‌లో పియానోలు చేసే బ్రాడ్‌వుడ్ కంపెనీ తెల్ల పెద్ద కీల తరహా వ్యాపించడమే పెద్ద కారణం. తర్వాత అమెరికాలో కనెక్టికట్‌లోని డీప్ రివర్, ఐవరీటన్ ఫ్యాక్టరీలు దంతాన్ని యంత్రాలతో కోసి, గాజు కప్పుల కింద ఎండలో తెల్లబరిచి, సెట్లుగా అమ్మడం మొదలుపెట్టాయి. తయారుగా దొరికే సెట్టును కాదని ఎవరు వేరే రంగు వేస్తారు?

రాగమాలిక:
సరే, ధర వాదన వదిలేస్తాను. ఎముకో దంతమో చూసి చెప్పడం ఎలా?

చిత్రిక:
భూతద్దం పెట్టండి. సన్నటి నల్ల చుక్కలు, గీతలు (ఎముకలోని రంధ్రాలు) ఉంటే ఎముక. దంతంలో ఆ రంధ్రాలు ఉండవు, సన్నటి చారలుంటాయి. కీ పై పలకలో కనిపించే అతుకును నమ్మొద్దు, రెండింటినీ ముందు ముక్క, వెనక ముక్కగా అతికించేవారు. దంతపు పలక మందం సుమారు 1 మి.మీ., కింది చెక్క రంగు పైకి కనిపిస్తుంది. అందుకే జిగురులో సుద్ద కలుపుతారు. తడి గుడ్డతో తుడవకండి, చెమ్మ తగిలితే అంచులు లేస్తాయి. నల్ల కీ అరిగినచోట గోధుమరంగు తేలితే అది ఎబొనీ కాదు, రంగు వేసిన పియర్ చెక్క అయ్యుండొచ్చు.

మందరం:
రంగును బట్టి వాద్యం వయసు కట్టకండి. పై పలకలు తర్వాత మార్చినవి చాలా ఉన్నాయి. కీని బయటికి తీసి పక్క చెక్క, పాత జిగురు గుర్తులు చూశాకే మాట్లాడాలి.