ఓరుగల్లులోని ఆ ‘ఒక్క రాయి’ ఏది?

ప్రశ్న: మాది శివనగర్. నిన్న మా అమ్మాయి బస్సు బోర్డు చదువుతూ, “నాన్నా, వరంగల్ అంటే అర్థమేమిటి?” అని అడిగింది. పుట్టి పెరిగిన ఊరు, అయినా జవాబు చెప్పలేకపోయాను. మనసు చివుక్కుమంది. తెలిసినవారు చెప్పండి.

జవాబు: ఓరుగల్లే నోళ్లలో నలిగి వరంగల్ అయిందండీ. ‘ఒరు’ అంటే ఒక, ‘కల్లు’ అంటే రాయి. సంస్కృతంలో ఏకశిలానగరం అన్నదీ అందుకే. పాపను ఖిలా వరంగల్ తీసుకెళ్లండి. కోట లోపల ఒంటిగా లేచిన గుట్ట ఉంది. చెప్పులు విడిచి ఎక్కితే పొద్దుగూకాక కూడా రాయి వెచ్చదనం అరికాళ్లకు తగులుతుంది. పేరు అక్కడ అర్థమవుతుంది.

మరో జవాబు: 1323లో కాకతీయ ప్రతాపరుద్రుడు ఓడాక ఢిల్లీ పాలకులు ఈ ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు, నిలవలేదు. హనుమకొండను 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనం అనుమకొండ అంటుంది. మా నానమ్మ మాత్రం నిజామాబాదును చివరిదాకా ఇందూరు అనే పిలిచింది. ఆ పాత పేరు వింటే నాకు ఇప్పటికీ ఆమె గొంతే గుర్తొస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ఎంతో సంతోషం. ఆదివారం పొద్దున్నే బయలుదేరుతున్నాం. అమ్మాయి అప్పుడే నోటుపుస్తకంలో ‘ఒరు, కల్లు’ అని రాసుకుంది.