అలదార్ గెరెవిచ్ సేబర్ శైలి గురించి తెలిసినవారు వివరించగలరా?

1932 లాస్ ఏంజెలెస్ నుంచి 1960 రోమ్ వరకు, యుద్ధం వల్ల మధ్యలో రెండు ఒలింపిక్స్ రద్దయినా, తాను పాల్గొన్న ఆరు ఒలింపిక్స్‌లోనూ సేబర్ (ఫెన్సింగ్ అనే కత్తిసాము క్రీడలో వాడే ఒక రకం కత్తి) జట్టు స్వర్ణం గెలిచిన హంగరీ ఫెన్సర్ అలదార్ గెరెవిచ్ గురించి వ్యాసం రాస్తున్నాను. 1948లో లండన్‌లో వ్యక్తిగత స్వర్ణం కూడా ఆయనదే. రోమ్ నాటికి ఆయన వయసు 50 ఏళ్లు. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది అదే.

సేబర్‌లో మొనతోనే కాక అంచుతోనూ కొట్టవచ్చు కాబట్టి ఒక్కో పాయింటు రెప్పపాటులో తేలిపోతుంది. అప్పట్లో దెబ్బ తగలగానే వెలిగే దీపాలు సేబర్‌కు లేవు, పక్కన నిలబడ్డ న్యాయనిర్ణేతలు కంటితో చూసి తీర్పు చెప్పేవారు. అంతటి వేగాన్ని ఆ వయసులో ఆయన పాదాల కదలికతో అందుకున్నారా, లేక ఎదుటివారి దాడిని ముందే పసిగట్టి నెగ్గారా? హంగరీ శిక్షణ పద్ధతి ఎరిగిన కోచ్‌లు గానీ, ఆనాటి పోటీల దృశ్యాలను నిశితంగా చూసినవారు గానీ దయచేసి తెలియజేయగలరు.