ఇంటిపేరు షేక్ అయినంత మాత్రాన మనం అరబ్బు వంశస్థులమేనా?

పల్నాడు_కుర్రోడు:
అందరికీ సలాం, నమస్కారం. రెండు నెలలుగా మా ఇంట్లో ఒకటే గొడవ. మా పెదనాన్న ఎవరికో డబ్బిచ్చి మా కుటుంబానికి ఒక షజ్రా, అంటే వంశవృక్షం, రాయించుకొచ్చారు. మా వంశం మొదటి ఖలీఫా అబూబకర్ సిద్దీఖ్ దాకా వెళ్తుందని అందులో ఉంది. దాన్ని ఫ్రేమ్ కట్టించి ముందు గదిలో గోడకు పెట్టారు. "మన ఇంటిపేరే షేక్. షేకులంటే అరబ్బులు కాక ఇంకెవర్రా?" అని ఆయన వాదన.

మొన్న పొలం కాగితాలు వెతుకుతుంటే మా ముత్తాత కొన్న ఎకరంన్నర తాలూకు 1938 దస్తావేజు దొరికింది. అందులో "దస్తగిరి సాయిబు కుమారుడు మస్తాను సాయిబు, మహమ్మదీయుడు, వ్యవసాయం" అని రాశారు. షేక్ అన్న మాట ఎక్కడా లేదు. మా తాత ఓటరు చీటీలో కూడా లేదు. మా ఇంట్లో ఆ మాట మొదటిసారి కనిపించేది నాన్న పదో తరగతి సర్టిఫికెట్లో.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. షేక్ అనేది మనకు ఒక గౌరవ పదంగా వచ్చింది, బడి రిజిస్టర్లలోకి ఎక్కాక ఇంటిపేరుగా స్థిరపడింది. దాన్నిబట్టి రక్తం ఎక్కడిదో చెప్పలేం. మీరేమంటారు?

అరబీ_మాస్టారు:
ముందు మాట సంగతి చూద్దాం బాబూ. అరబీలో దీన్ని 'షైఖ్' అంటారు. ఆ ధాతువుకు అర్థం వయసు మళ్లడం. షైఖ్ అంటే ముసలాయన, పెద్దాయన. ఖురాన్‌లో ఈ మాట నాలుగు చోట్ల వస్తుంది. హూద్ సూరాలో, అంటే ఆ పేరు గల అధ్యాయంలో, బిడ్డ పుడతాడని శుభవార్త విన్న ఇబ్రాహీం ప్రవక్త భార్య "నా భర్త ముసలివాడు కదా" అంటుంది. యూసుఫ్ సూరాలో అన్నదమ్ములు తమ తండ్రి బాగా ముసలివాడని చెప్పుకుంటారు. మద్యన్‌లో నీళ్ల దగ్గర నిలబడ్డ ఇద్దరమ్మాయిలూ తమ నాన్న గురించి అదే అంటారు. నాలుగో చోట మనిషి పుట్టి, పెరిగి, ముసలివాడు కావడం గురించి చెప్పారు. నాలుగింటిలోనూ అర్థం వయసే. ఎక్కడా వంశం పేరు కాదు.

తర్వాత ఆ మాట తెగ పెద్దకు, పండితుడికి, సూఫీ గురువుకు వాడుకైంది. అరబ్బుల పేర్లలో 'ఫలానా వాడి కొడుకు' అనే వరసను నసబ్ అంటారు. ఊరినో తెగనో చెప్పేది నిస్బా. బిరుదు లఖబ్. షైఖ్ ఈ చివరి కోవలోకి వస్తుంది. వంశం చెప్పాలంటే నసబ్ కావాలి, లేదా నిస్బా కావాలి.

నిస్బా ఉన్నా రక్తం తెలుస్తుందనుకోకండి. హదీసు పండితుడు ఇమామ్ బుఖారీ పేరు చివర 'అల్ జుఅఫీ' అని ఉంటుంది. అది యెమెన్ వైపు అరబ్బు తెగ పేరు. బుఖారీ కుటుంబం మాత్రం అరబ్బులు కాదు. ఆయన ముత్తాత ఆ తెగకు చెందిన బుఖారా పాలకుడి చేతుల మీదుగా ఇస్లాంలోకి వచ్చారు. ఎవరి చేతి మీద మతం పుచ్చుకుంటే వాళ్ల తెగ పేరు పెట్టుకోవడం ఆ రోజుల్లో మామూలు. అంతటి ఇమామ్ గారి పేరులోనే అలా ఉన్నప్పుడు మనకు నామోషీ ఎందుకు?

నెల్లూరు_రఫీ:
మాస్టారూ, మీ అరబీని నేను కాదనను. కానీ ఒక మాటకు నిఘంటువులో ఏం అర్థం ఉందన్నది వేరు, ఒక కుటుంబం తన గురించి ఏం గుర్తుపెట్టుకుందన్నది వేరు. మా నానమ్మ చదువుకోలేదు. అయినా "మనవాళ్లు ఓడల మీద వచ్చారు" అని చెప్పేది. ఆవిడకు ఎవరూ డబ్బు తీసుకుని షజ్రా రాసివ్వలేదు.

మన తీరానికి బయటి వర్తకులు రావడం కట్టుకథ కాదు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అభయశాసనం వేయించాడు. ఓడ తుఫానుకు పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు దాన్ని స్వాధీనం చేసుకునే పాత అలవాటును తీసేసి, సుంకం మాత్రం తీసుకుంటామని సముద్ర వర్తకులకు మాటిచ్చాడు. కేరళలోని మాప్పిళ్ల ముస్లింలలో, తమిళనాడులోని మరక్కాయర్ ముస్లింలలో అరబ్బు సంబంధం ఉందని అందరూ ఒప్పుకుంటారు. నెల్లూరు దగ్గరకొచ్చేసరికి మాత్రం అది ఎందుకు అసాధ్యమైపోతుంది?

ఇంకో బాధ కూడా ఉంది. "మీరంతా మతం మారినవాళ్లే" అని బయటివాళ్లు ఎగతాళిగా అనే మాటను మనమే మన నోటితో అనడం నాకు కష్టంగా ఉంది.

పల్నాడు_కుర్రోడు:
రఫీ అన్నా, మీ నానమ్మ మాటను నేను అబద్ధమనడం లేదు. ఓడల మీద ఎవరో వచ్చే ఉంటారు. కానీ ఆ శాసనంలో ఉన్నది వర్తకులకు అభయం. వాళ్లు ఇక్కడ స్థిరపడి షేకులయ్యారని అందులో లేదు. పోనీ కొందరు స్థిరపడ్డారనే అనుకుందాం. మా మండలంలో ఏ ఊరికెళ్లినా షేకులే. అందరూ ఆ ఓడల్లోంచే దిగారా?

మీరు చెప్పిన బాధ నాకూ తెలుసు. కాలేజీలో పడ్డాను. అయితే ఈ నేల మీద పుట్టిన రైతు బిడ్డలమని చెప్పుకుంటే మనకు తగ్గేది ఏముంది? మా ముత్తాత ఆ ఎకరంన్నర చెమటోడ్చి కొన్నాడు. ఆయన్ని దాచిపెట్టి, ఎవరో రాసిచ్చిన కాగితాన్ని గోడకు తగిలించడమే నాకు అవమానంగా అనిపిస్తోంది.

బార్కాస్_నుంచి:
హైదరాబాద్ బార్కాస్ వాణ్ణి. నా తెలుగులో తప్పులుంటే క్షమించండి. మా పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో పని చేయడానికి వచ్చారు. బార్కాస్ అన్న పేరే బ్యారక్స్ నుంచి వచ్చింది. మా పేర్లు ఒకసారి చూడండి. 'బా'తో మొదలయ్యేవి ఉంటాయి, బావజీర్ లాంటివి. 'బిన్' ఉంటుంది, 'అల్' ఉంటుంది. ఆ పేరు చెప్పగానే హద్రమౌత్‌లో ఏ లోయ, ఏ తెగ అన్నది అక్కడివాళ్లు చెప్పేస్తారు. అల్ ఖుఐతీ కుటుంబమే తీసుకోండి. వాళ్లు ఇక్కడ నిజాం దగ్గర జమేదార్లు, అక్కడ ముకల్లా, షిహ్ర్ రేవులకు సుల్తానులు. ఆ రాజ్యం 1967 దాకా నడిచింది.

ఊళ్లో మమ్మల్ని చావూష్‌లంటారు. చిత్రమేమిటంటే అది అరబీ మాట కూడా కాదు, టర్కీ సైన్యంలో సార్జెంటు లాంటి పదవి పేరు. అంటే నిజంగా అరబ్బులమైన మాకు టర్కీ పేరు, అరబ్బులో కాదో తెలియని మీకు అరబీ పేరు. పేరు చూసి మనిషి పుట్టుక చెప్పడం ఎంత కష్టమో చూడండి.

తెనాలి_పద్మ:
నేను ముస్లింని కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. మాలో ఒకే ఇంటిపేరు ఉంటే సంబంధం కలుపుకోరు, అన్నాచెల్లెళ్ల వరస అవుతుందంటారు. మా పక్కింటి షేక్ వాళ్ల అమ్మాయిని షేక్ వాళ్లకే ఇచ్చారు, ఎవరూ ఏమీ అనుకోలేదు. అంటే షేక్ అనేది మా ఇంటిపేర్ల లాంటిది కాదన్నమాటేగా?

నెల్లూరు_రఫీ:
అమ్మా, మాలో చిన్నాన్న కూతుర్ని చేసుకోవడానికీ అభ్యంతరం లేదు. కాబట్టి పెళ్లి సంబంధాన్ని బట్టి ఇంటిపేరు సంగతి తేల్చలేం. కానీ మీరన్న దాంట్లో ఒక మాట నిజం. పెళ్లి మాటలప్పుడు "షేకులే" అనుకున్నాక "ఏ షేకులు?" అని మళ్లీ అడుగుతారు. ఫలానా ఊరి వాళ్లు, ఫలానా తాత మనవలు అని చెప్తే తప్ప ఇల్లు తెలియదు.

చిలకలూరిపేట_శ్రుతి:
ఆ రెండో ప్రశ్నలోనే అసలు సంగతి ఉంది. మా పేట వైపు షేకుల్లో నాదస్వర కుటుంబాలున్నాయి. కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారు మా పేటకు చెందిన ఆదం సాహెబు గారి దగ్గర నాదస్వరం నేర్చుకున్నారు. తర్వాత శ్రీరంగం వెళ్లి స్థిరపడి, సంగీత కళానిధి దాకా ఎదిగారు. ఆలయాల్లో దేవుడి ముందు నాదస్వరం వాయించడం ఈ కుటుంబాలకు తరతరాల వృత్తి. బుర్రకథ షేక్ నాజర్ గారిది గుంటూరు జిల్లా పొన్నెకల్లు. 1986లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ల విద్య, భాష, శ్రుతి అన్నీ ఈ నేలవే.

పిల్లల పేర్లు వినండి. నాగూర్ అని పెడతారు, అది తమిళనాడు రేవు ఊరు, అక్కడ దర్గా ఉంది. మస్తాన్ వలీ అంటే గుంటూరు దర్గా గుర్తొస్తుంది. పేరు ముందు అరబీ బిరుదు, పక్కన తమిళ ఊరో గుంటూరు ఔలియానో, అంటే దర్గాలో వెలసిన పుణ్యపురుషుడో. ఇంత అందమైన పేర్లను ఒక్క అరేబియాకే కట్టేస్తే మిగతావన్నీ ఏమైపోవాలి?

గుంటూరు_వకీలు:
చట్టం కోణం ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. మనం బీసీ-ఈ అంటున్నది అదే. ఆ జాబితాలో అత్తరు సాయిబులు, ముస్లిం చాకలి, ఫకీర్లు, ఖురేషీలతో పాటు షేక్ కూడా ఉంది. సయ్యద్, మొగల్, పఠాన్, అరబ్ బయట ఉన్నారు. దూదేకుల, నూర్‌బాషా వాళ్లు అంతకు ముందునుంచే బీసీ-బీలో ఉన్నారు. బయటి నుంచి వచ్చిన వంశాలుగా చెప్పుకునే వర్గాలు పక్కకు, స్థానికంగా వెనుకబడిన వర్గాలు లోపలికి అన్న లెక్కలో షేకులు లోపల ఉన్నారు. ఇంకో విశేషం, చట్టం బయట పెట్టిన వాళ్లలో 'మషాయిఖ్' కూడా ఉన్నారు. అరబీలో అది షైఖ్‌కు బహువచనమే. ఇక్కడ మాత్రం పీర్ల కుటుంబాలకు ఆ పేరు.

2010లో హైకోర్టు ఈ చట్టాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. షజ్రా పెట్టుకున్న పెద్దనాన్న గారి మనవలు కాలేజీ సీటుకు ఏ సర్టిఫికెట్ పెడుతున్నారో కూడా ఇంట్లో మాట్లాడుకోవాలి. కించపరచాలని కాదు, రెండు మాటలూ ఒకే ఇంట్లో నిలబడవు కదా.

దోహా_డ్యూటీ:
పన్నెండేళ్లుగా ఖతార్‌లో ఉంటున్నాను. వచ్చిన కొత్తలో ఒక ఆఫీసు కౌంటర్లో నా పాస్‌పోర్టు చూసి ఆ ఉద్యోగి "నువ్వు షైఖ్‌వా?" అని అడిగాడు. ఇక్కడ ఆ మాట రాజకుటుంబానికి, మత పండితులకు. నా హెల్మెట్, నా సేఫ్టీ బూట్లు చూసి మళ్లీ పేరు చూశాడు. మా దేశంలో ఇది ఇంటిపేరు అని చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. అతను ఎగతాళి చేయలేదు, నిజంగానే అర్థం కాలేదు. ఇక్కడ కుటుంబ పేరుగా కూడా ఉంటుంది, సౌదీలో ఆల్ అష్షైఖ్ అని ఉన్నారు, మత పండితుడు ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహ్హాబ్ సంతతి. కానీ అది ఆ ఒక్క షైఖ్ గారి ఇల్లు అని అర్థం. మనలా ఊరూరా ఉండేది కాదు.

ఆ రోజు రాత్రి గదిలో పడుకుని చాలాసేపు ఆలోచించాను. అరబ్బులమని మనం అనుకుంటే సరిపోదు, అరబ్బులు కూడా అనుకోవాలిగా.

అరబీ_మాస్టారు:
ఊరూరా ఎందుకుందో కొంచెం చెప్తాను. మన దేశంలో ముస్లింలను సయ్యద్, షేక్, మొగల్, పఠాన్ అని నాలుగు పెద్ద తరగతులుగా చెప్పుకోవడం పాత అలవాటు. సయ్యద్ అనాలంటే ప్రవక్త సంతతి కావాలి. మొగల్, పఠాన్ అనాలంటే మధ్య ఆసియా, అఫ్ఘాన్ మూలం చూపాలి. కొత్తగా ఇస్లాంలోకి వచ్చిన వాళ్లకు తలుపు తెరిచి ఉన్నది షేక్ ఒక్కటే, ఎందుకంటే అది గౌరవ పదం. అందుకే కశ్మీర్ నుంచి బెంగాల్ దాకా అంతమంది. కశ్మీర్ నాయకుడు షేక్ అబ్దుల్లా తన పూర్వీకులు కశ్మీరీ పండితులని స్వయంగా రాసుకున్నారు. ఉత్తరాదిన ఒక పాత సామెత ఉంది: మొదట కసాయివాళ్లం, తర్వాత షేకులమయ్యాం, ధాన్యం ధర కలిసొస్తే ఈ ఏడు సయ్యదులమవుతాం అని.

రఫీ గారి వాదన కూడా కొత్తది కాదు. 1872 జనాభా లెక్కల తర్వాత బెంగాల్ ముస్లింలలో ఎక్కువమంది స్థానికులేనని బెవర్లీ అనే అధికారి రాస్తే, ఖోందకర్ ఫజ్లీ రబ్బీ అనే ఆయన కాదు, బయటి నుంచి వచ్చినవాళ్లమని 1890లలో ఒక పుస్తకమే రాశారు. నూట ముప్పై ఏళ్ల కిందటి తగువును మనం పల్నాడులో ఆడుతున్నాం.

పల్నాడు_కుర్రోడు:
స్పెల్లింగ్ గురించి ఒక్క మాట. ఇంగ్లిషులో మహారాష్ట్ర వాళ్లు చివర హెచ్ పెడతారు, మనవాళ్లు ఎక్కువగా పెట్టరు. 'ఖ' మన నోట 'క' అయింది, అలాగే రాసేశాం. అరబ్బులూ ఉత్తరాది వాళ్లూ పేరు ముందు బిరుదులా పెడితే, మనం తెలుగు ఇంటిపేరులా ముందు పెట్టి పొడి అక్షరాల్లోకి కుదించాం. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ముస్లింలు దాదాపు 80 లక్షలు. అందులో షేకులెందరో ఆ లెక్కల్లో విడిగా చెప్పరు గానీ గుంటూరు, ప్రకాశం, నెల్లూరు వైపు ఏ బడి హాజరు పట్టీ తీసినా కనిపిస్తుంది. నాకు ఇది అరబీ మాటతో కట్టిన తెలుగు ఇంటిపేరుగానే తోస్తోంది.

నిన్న దస్తావేజు జిరాక్సు పెదనాన్నకు ఇచ్చాను. చదివి ఏమీ అనలేదు. ఫ్రేమ్ అలాగే ఉంది. "మా తాత సంతకం చేశాడా, వేలిముద్రా?" అని మాత్రం అడిగారు. సంతకమే అన్నాను. జిరాక్సు తీసుకెళ్లి బీరువాలో పెట్టుకున్నారు.

నెల్లూరు_రఫీ:
తమ్ముడూ, నేనింకా మా నానమ్మ మాట మీదే ఉన్నాను. కానీ మా పాత దస్తావేజు ఒకటి చూడాలనిపిస్తోంది. ఒరిజినల్ మా దగ్గర లేదు. నకలు ఎలా తీయించాలి?

పల్నాడు_కుర్రోడు:
పొలం ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు కిందికి వస్తుందో చూసుకోండి అన్నా. దస్తావేజు నంబరు, సంవత్సరం ఉంటే సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టొచ్చు. లేకపోతే మీ ముత్తాత పేరుతో ఇండెక్సులో వెతికించాలి. షేక్ అని మాత్రం వెతకమనకండి. సాయిబు అని వెతకమనండి.