ప్రహ్లాదుడి వేషం ఏ రోజు ఎవరు వేస్తున్నారో ముందే చెప్పాలా, వద్దా?

హిందూపురం రమణ
మన బెంగళూరు తెలుగువాళ్లు ఈమధ్య వేసిన ప్రహ్లాద మ్యూజికల్ మీలో కొందరైనా చూసి ఉంటారు. పోతన పద్యాలు, మధ్యలో కొత్త పాటలు, పక్కనే కూర్చుని వాయించే వాద్యబృందం, మొత్తం రెండు గంటలు. మొదటి శనివారం నేను ఒక్కడినే వెళ్లాను. ప్రహ్లాదుడిగా ఒక పాప వేసింది. పదకొండేళ్లు ఉంటాయేమో. ఏనుగుతో తొక్కించే సీనులో అటూ ఇటూ దొర్లుతూ కూడా శ్రుతి జారనివ్వలేదు. ఆ ఊపులో అమ్మానాన్నల్ని ఊరి నుంచి రప్పించాను, అక్కా వాళ్లకు కూడా కలిపి మరుసటి ఆదివారానికి టికెట్లు తీశాను. తీరా తెర లేస్తే వేషంలో వేరే బాబు!

బాబును ఏమీ అనడం లేదు, వాడి శక్తి మేరకు చేశాడు. నిర్వాహకుల్ని అడిగితే "ముగ్గురు పిల్లలు వంతుల వారీగా వేస్తారు, ఏ షోకు ఎవరో బయటికి చెప్పం, అది మా పద్ధతి" అన్నారు. మరి టికెట్ యాప్‌లో ఉన్న పోస్టర్ మీద ఆ పాప ఫోటో ఒక్కటే ఎందుకుంది? ఆరు వందలు పెట్టి టికెట్ కొనేవాడికి ఎవరి పాట వినబోతున్నాడో తెలుసుకునే హక్కు లేదా?

సర్జాపూర్ సిరి
పోస్టర్ విషయంలో వాళ్లది తప్పే. తేదీలు చెప్పకపోవడం మాత్రం తప్పు కాదు.

పద్యాల తాతయ్య
రమణా, నీ పక్షమే నేను. మన పద్యనాటకంలో పేరు లేకుండా పోస్టర్ ఎక్కడైనా చూశావా? రాయబారం నాటకం ఆడితే ఒక్క రాత్రిలోనే ఇద్దరు ముగ్గురు కృష్ణులు మారేవాళ్లు. పడక సీనుకు ఒకరు, రాయబారం సీనుకు ఒకరు. ఎవరు ఏ సీనులో వేస్తారో కరపత్రంలోనే అచ్చేసేవాళ్లు. పీసపాటి నరసింహమూర్తిగారు కృష్ణుడంటే ఒక రకం జనం, షణ్ముఖి ఆంజనేయరాజుగారంటే ఇంకో రకం జనం. బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. పద్యం నచ్చితే వన్స్ మోర్, రాగం మరీ సాగదీస్తే ఈలలు. పేరు దాచిపెట్టి టికెట్ అమ్మడం నాకు కొత్తగా ఉంది. గాయకుడు ఎవరో చెప్పకుండా కచేరీ పెడతారా ఎక్కడైనా?

ఒక ప్రహ్లాదుడి అమ్మ
ఆ ముగ్గురిలో ఒకరి తల్లిని. ఏ బిడ్డ తల్లినో చెప్పను, అడగకండి.

తాతయ్యగారూ, నమస్కారం. మీరు చెప్పిన కృష్ణులంతా మీసాలొచ్చిన పెద్దమనుషులు. ఈలలు పడితే ఆ రాత్రి బాధపడి మర్నాడు ఇంకో ఊరు వెళ్లిపోయేవాళ్లు. మా పిల్లలు మర్నాడు స్కూలుకు వెళ్లాలి. రిహార్సల్స్ మొదలైనప్పుడు ముగ్గురూ ఒకరికొకరు పద్యాలు అప్పజెప్పించుకునేవాళ్లు. ఇద్దరికి తెలుగు చదవడం రాదు. ఒకరు కన్నడ లిపిలో, ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నారు. ఒత్తులు, దీర్ఘాలు పట్టుబడటానికే వేసవి సెలవులన్నీ అయిపోయాయి. అప్పటిదాకా వాళ్ల మధ్య పోటీ అనేదే లేదు.

మొదటి వారం షోలు అయ్యాక ఎవరో ముగ్గురి వీడియో ముక్కలు పక్కపక్కన పెట్టి "మీ ఓటు ఏ ప్రహ్లాదుడికి?" అని రీల్ చేశారు. హాల్లో ఫోన్ తీయొద్దని రెండుసార్లు చెప్పినా తీశారన్నమాట. ఆ రీల్ కింద కామెంట్లు మా ఇంట్లో చదివినవాళ్లు పెద్దవాళ్లే కాదు. ఒక బిడ్డను "ళ పలకదు" అన్నారు, ఒకరిని "లావు" అన్నారు. ఇక తేదీలు కూడా ముందే ప్రకటిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఒకరి షోకు హాలు నిండుతుంది, ఇంకొకరి షోకు సగం కుర్చీలు ఖాళీ. వెలుతురు కళ్లలో పడుతున్నా ముందు వరసలు ఖాళీగా ఉన్నాయో లేదో స్టేజీ మీద పిల్లలకు కనిపిస్తుందండీ.

కె.ఆర్.పురం కుర్రోడు
ఆ రీల్ చేసినవాడిని హిరణ్యకశిపుడి వేషం వేసినాయనకు అప్పజెప్పాలి.

మడివాళ మాధవి
బయట ఇది ఎలా నడుస్తుందో కొంచెం చెబుతాను. లండన్, న్యూయార్క్‌లలో పెద్ద మ్యూజికల్ అంటే వారానికి ఎనిమిది షోలు. నాయక పాత్ర పిల్లలదైతే ఒక్కరితో ఆడించడం కుదరదు, ముగ్గురో నలుగురో వంతులు వేసుకోవాల్సిందే. బ్యాలే నేర్చుకునే గనికార్మికుడి కొడుకు కథ ఉంది కదా, బిల్లీ ఎలియట్, అది న్యూయార్క్‌లో మొదలైనప్పుడు ముగ్గురు అబ్బాయిలు ఆ పాత్ర వేశారు. 2009లో ఉత్తమ నటుడి టోనీ అవార్డు, అంటే అమెరికా నాటకరంగంలో పెద్ద అవార్డు, ముగ్గురికీ కలిపి ఒక్కటిగా ఇచ్చారు. లండన్‌లో మటిల్డా అనే మ్యూజికల్‌లో ఆ పాత్ర వేసిన నలుగురు అమ్మాయిలకు కూడా 2012లో ఉత్తమ నటి ఒలివియే అవార్డు, అక్కడి నాటకాల పెద్ద అవార్డు, అలాగే కలిపి ఇచ్చారు. అంత పెద్ద జ్యూరీలే నలుగురిలో ఎవరు మేలని విడదీయలేదు. మనం మాత్రం ఫోన్‌లో ఓటింగ్ పెట్టుకున్నాం.

హిందూపురం రమణ
మాధవిగారూ, మీ ఉదాహరణ నా వాదనకే పనికొస్తుంది. అవార్డు ఇచ్చినప్పుడు నలుగురి పేర్లూ చదివారు కదా! మన నాటకం కరపత్రంలో ప్రహ్లాదుడు అన్న చోట "బాల కళాకారులు" అని రాసి ఊరుకున్నారు. హిరణ్యకశిపుడికి పేరు ఉంది, లీలావతికి పేరు ఉంది, లైట్లు వేసినాయనకు పేరు ఉంది. నాటకమంతా భుజాన మోసిన పిల్లలకు లేదు. పిల్లల్ని కాపాడటం అంటే ఇదేనా?

ఒక ప్రహ్లాదుడి అమ్మ
పేర్లు వేయకపోవడం మాకూ నచ్చలేదు. ఆ మాట మేం వాళ్లతో అన్నాం కూడా. కానీ పేరు వేయడం వేరు, పేరు పక్కన తేదీ వేయడం వేరు.

చెన్నై సుబ్బు
పక్క ఊరి నుంచి ఒక మాట. మా తమిళనాట ఒకప్పుడు బాయ్స్ కంపెనీలని ఉండేవి, నాటకమంతా పిల్లలతోనే ఆడించేవాళ్లు. నాటకకర్త శంకరదాస్ స్వామిగళ్ 1918లో మదురైలో అలాంటి బాల సభ ఒకటి పెట్టారు. పేరుమోసిన తమిళ నటుడు టి.కె.షణ్ముగం అక్కడే తయారయ్యారు. ఎంజీఆర్ కూడా చిన్నతనంలో మదురై ఒరిజినల్ బాయ్స్ కంపెనీలోనే చేరారు. పైకి వచ్చినవాళ్ల కథలు మనం చెప్పుకుంటాం. గొంతు మారాక వేషం పోగొట్టుకున్న పిల్లల కథలు ఎవరూ చెప్పరు. పన్నెండు, పదమూడేళ్లకు అబ్బాయి గొంతు విరుగుతుంది. నిన్నటిదాకా రాజు వేషం వేసి పాడినవాడు మర్నాడు తెర లాగే పనిలో ఉండేవాడు. ఒక్క పిల్లవాడి పేరు మీద టికెట్లు అమ్మే కంపెనీకి ఆ పిల్లవాడి గొంతే పెట్టుబడి. అది ఆగిపోయిన రోజు వాడి విలువా ఆగిపోతుంది. వంతులు పెట్టి, ఎవరి రోజో చెప్పకుండా ఉంటే జనం నాటకం కోసం వస్తారు. నాకు ఈ పద్ధతే మేలనిపిస్తోంది.

పద్యాల తాతయ్య
సుబ్బూ, సురభి నాటక కుటుంబాల మాటేమిటి మరి? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడినప్పటి నుంచి వాళ్ల పిల్లలు స్టేజీ మీదే పుట్టి పెరుగుతున్నారు. చంటిపిల్లగా బాలకృష్ణుడి ఉయ్యాల్లో పడుకున్నవాళ్లు కొన్నేళ్లకు ప్రహ్లాదుడవుతారు, ఆ తర్వాత హిరణ్యకశిపుడవుతారు. గొంతు మారితే వేషం మారుతుంది, అంతే. వాళ్లెవరూ పిల్లల్ని దాచలేదు.

చెన్నై సుబ్బు
అది ఇల్లు, తాతయ్యా. సురభిలో వేషం పోయినా ఇల్లు పోదు, ఇంకో వేషం ఉంటుంది. మన అపార్ట్‌మెంట్ పిల్లలకు ఈ నాటకం అయిపోతే మళ్లీ స్టేజీ ఎప్పుడో ఎవరికి తెలుసు?

వైట్‌ఫీల్డ్ వేణు
అందరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు. నేను చిన్న ప్రశ్న అడుగుతాను. నేను వెళ్లిన రెండు శనివారాలూ సాయంత్రం షోలో ఒకే పాప వేసింది. పోస్టర్ మీద ఉన్నదీ ఆ పాపే. నాటకానికి డబ్బు పెట్టినవాళ్లలో ఆ పాప కుటుంబం ఉందని విన్నాను. నిజమో కాదో మీరే చెప్పాలి. శనివారం సాయంత్రం అంటే హాలు నిండే షో, పెద్దవాళ్లు వచ్చే షో, పత్రికలవాళ్లు వచ్చే షో. మిగతా ఇద్దరికీ ఆదివారం మధ్యాహ్నం మూడున్నర, భోంచేసి జోగే జనం ముందు. తేదీలు బయటపెట్టకపోతే ఎవరికి ఎన్ని షోలు దక్కాయో, ఏ షోలు దక్కాయో లెక్క అడిగేవాళ్లే ఉండరు. ఈ గుట్టు పిల్లల్ని కాపాడటానికా, పంపకాన్ని కాపాడటానికా?

సర్జాపూర్ సిరి
ఇది గట్టి ప్రశ్న. దీనికి నిర్వాహకులే జవాబు చెప్పాలి.

తెరవెనుక
ఆ నాటకంలో పిల్లల బాధ్యత చూసినవాళ్లలో నేనొకణ్ణి. బృందం తరఫున కాదు, నా తరఫున చెబుతున్నాను. వేణుగారు విన్న మాట సగం నిజం. ఆ కుటుంబం సాయం చేసింది, కానీ మిగతా ఇద్దరి కుటుంబాలు కూడా చేశాయి. అందరూ తలా ఇంత వేసుకుంటేనే ఇలాంటి నాటకం లేస్తుంది. రెండో శనివారం వంతు ఇంకొకరిదే. ఆ బిడ్డకు జ్వరం వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఫోన్ వచ్చింది, నాలుగింటికి మేకప్ మొదలుపెట్టాలి. దగ్గర్లో ఉన్న పాపను పిలిచాం. ముందే తేదీలు ప్రకటించి ఉంటే ఆ రోజు గేటు దగ్గర నేను ఎంతమందికి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చేదో! జ్వరంతో ఉన్న పిల్లను "జనం నీకోసమే టికెట్లు కొన్నారమ్మా" అని బతిమాలి తీసుకొచ్చేవాళ్లమేమో కూడా. నా భయం అసలు అదే.

ఇందిరానగర్ లాయరు
ఒక చట్టం సంగతి. మన దేశంలో పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించకూడదు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణలో బాల కళాకారులకు మినహాయింపు ఉంది. వినోద కార్యక్రమాల్లో, సర్కస్ తప్ప, చదువుకు భంగం కలగకుండా చేయొచ్చు. 2017 నిబంధనల ప్రకారం పిల్లలు రోజుకు 5 గంటలకు మించి పనిచేయకూడదు, విరామం లేకుండా 3 గంటలకు మించకూడదు, వరసగా 27 రోజులకు మించకూడదు. వ్యాపార కార్యక్రమమైతే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. డబ్బు ఇస్తే అందులో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరున జాతీయం చేసిన బ్యాంకులో డిపాజిట్ చేయాలి.

ఆదివారం మూడున్నరకు ఒకటి, ఏడింటికి ఒకటి, రెండు షోలున్నాయి కదా. మేకప్‌తో కలిపి లెక్క వేయండి. ఒకే బిడ్డతో రెండూ చేయిస్తే 5 గంటలు దాటిపోతుంది. కాబట్టి వంతులు వేయడం నిర్వాహకుల దయ కాదు, తప్పనిసరి. ఇక ఏ షోకు ఎవరో ముందే ప్రకటించాలని గానీ, దాచాలని గానీ ఈ నిబంధనల్లో ఎక్కడా లేదు. కానీ రమణగారు చెప్పిన పోస్టర్ మాత్రం నాకు మింగుడు పడటం లేదు. ముగ్గురు వేసే పాత్రకు ఒక్కరి ఫోటో పెట్టి అమ్మితే కొన్నవాడిని తప్పుదారి పట్టించినట్టే. పిల్లల కోసం పేర్లు దాచామంటారు, అమ్మకం దగ్గరికి వచ్చేసరికి ఒక పిల్ల ముఖం వాడుకున్నారు. రెండూ ఎలా కుదురుతాయి?

ఒక ప్రహ్లాదుడి అమ్మ
లాయరుగారు చెప్పిందే మా ఇంట్లో కూడా గొడవైంది. "నా ఫోటో ఎందుకు లేదమ్మా?" అంటే ఏం చెప్పను? ఇక్కడిదాకా రాశాక దాచేదేముంది, పోస్టర్ మీద ఉన్నది మా బిడ్డ కాదు.

హిందూపురం రమణ
జ్వరం సంగతి చదివాక తేదీలు ముందే పెట్టమని ఇక అడగను. కానీ వేణు అడిగిన లెక్క అలాగే ఉండిపోయింది. దానికి నా సలహా: షోలన్నీ అయిపోయాక ఎవరు ఏ షో వేశారో పూర్తి పట్టిక పెట్టండి. అప్పటికి టికెట్లు అమ్ముడుపోయి ఉంటాయి, ఏ హాలూ ఖాళీ కాదు. పంపకం సరిగా జరిగిందో లేదో అందరికీ తెలుస్తుంది. షో రోజున లాబీలో బోర్డు మీద ఆ రోజు ప్రహ్లాదుడి పేరు రాయండి. మా అమ్మ ఆ బాబు పాట అయ్యాక "ఎవరి పిల్లాడురా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మడివాళ మాధవి
లండన్ హాళ్లలో ఉండేది అలాంటి బోర్డే. లోపలికి అడుగుపెట్టాక ఆ పూట ఎవరెవరు ఏ పాత్ర వేస్తున్నారో చదువుకుని కుర్చీలో కూర్చుంటారు.

పద్యాల తాతయ్య
బోర్డుకు సరే. పట్టికకూ సరే. నాకు మాత్రం ముందే తెలిస్తే బాగుంటుందనే ఉంది. ఈ వయసులో యలహంక నుంచి రావాలంటే ఒక పూట పని. ఎవరు బాగా పాడతారో వాళ్ల షోకే వద్దామనుకోవడం తప్పా?

కె.ఆర్.పురం కుర్రోడు
తప్పు కాదు తాతా. మూడు షోలూ చూసెయ్.

తెరవెనుక
మొన్న మీటింగులో ఇదంతా చదివి వినిపించాను. వచ్చే విడతకు పోస్టర్ మీద పిల్లల ఫోటోలు ఉండవు, నరసింహస్వామి ముఖం గీయిస్తున్నారు. టికెట్ పేజీలో "ప్రహ్లాద పాత్రను ముగ్గురు పిల్లలు వంతుల వారీగా పోషిస్తారు" అని మొదటి లైనులోనే ఉంటుంది. కరపత్రంలో ముగ్గురి పేర్లూ వేస్తారు. లాబీలో బోర్డు కూడా పెడతారు. చివర్లో పట్టిక పెట్టడానికి ఇద్దరు ఒప్పుకోలేదు. ఎందుకో నేను చెప్పలేను.

వైట్‌ఫీల్డ్ వేణు
చెప్పక్కర్లేదు, అర్థమైంది.

హిందూపురం రమణ
బోర్డు చూశాక వద్దనుకుంటే టికెట్ డబ్బు వెనక్కి ఇస్తారా?

తెరవెనుక
ఇవ్వరు.

హిందూపురం రమణ
సరే, ఆదివారం ఏడింటి షోకు రెండు తీసుకుంటాను. అమ్మానాన్నల్ని మళ్లీ రప్పించాలంటే మా అక్క ఒప్పుకోవడం లేదు.